ఒకే పడుగు మీద ఆరు చీరలు

హైదరాబాదు వెళ్లొచ్చానంటే మా చీరాలలో ఎవరైనా మొదట అడిగేది చార్మినారు చూశావా అని. ఈ మధ్య దానికి ఇంకో ప్రశ్న తోడైంది, పేపర్లలో బొమ్మ వేస్తున్న ఆ గుండ్రటి అద్దాల మేడ చూశావా అని. చార్మినారు చూడలేదు. అద్దాల మేడను ఆటోలోంచి చూశాను, తల బయటికి పెట్టేసరికి వెనక్కి వెళ్లిపోయింది. నేను చూసొచ్చినవి వేరే. చెప్పమంటే చెప్తాను గానీ వినడానికి అంత సరదాగా ఉండవు. ఇందులో తప్పు చేసిన మనిషిని కూడా నేనే, అదీ ముందే చెప్పేస్తున్నాను.

పాతికేళ్లుగా మా ఊళ్లో కుట్టు నేర్పుతున్నాను. శాంతగారు ఒకప్పుడు మా ఊరి ఆసుపత్రిలో నర్సు. రిటైరయ్యాక హైదరాబాదు శివారులో ఒక హోం నడుపుతున్నారు. పని ఇప్పిస్తామని తీసుకొచ్చి ఒళ్లమ్ముకునే బతుకులోకి దింపితే, ఎలాగో బయటపడ్డ ఆడవాళ్లు అందులో ఉంటారు. వాళ్లకు తిండీ నీడా ఇచ్చి, ఏదో ఒక పని నేర్పి, సొంత కాళ్ల మీద నిలబెట్టి పంపడం ఆవిడ పని. ఒక వారం వచ్చి కుట్టులో మెళకువలు చెప్పి వెళ్లండి, ఆరుగురున్నారు అని ఉత్తరం రాశారు.

ఉత్త చేతులతో వెళ్లడం మా ఇంటావంటా లేదు. నేత వీధిలో వీరయ్య మగ్గం మీద అప్పుడే ఒక పడుగు దిగింది. పడుగంటే నిలువు పోగులు. ఒకసారి మగ్గానికెక్కిస్తే ఒకే రంగు, ఒకే అంచుతో చీరలు వరసగా దిగుతాయి. చిలకపచ్చ ఒళ్లు, మెరూన్ అంచు. ఆరూ తీసుకున్నాను. మా వైపు పెళ్లిళ్లలో అక్కచెల్లెళ్లు ఒకే పడుగు చీరలు కట్టుకుని వరసగా నిలబడితే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. పైగా ఒకరికి మంచిది, ఒకరికి నాసిది అన్న పేచీ ఉండదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

లింగంపల్లి

సికింద్రాబాదులో దిగి లింగంపల్లి ప్యాసింజరు ఎక్కే హడావిడిలో గొడుగు మొదటి రైల్లోనే వదిలేశాను. మా ఆయన కొనిచ్చిన గొడుగు. యాత్ర మొదట్లోనే ఒక వస్తువు పోతే మిగతాదంతా క్షేమంగా జరుగుతుందని మా అత్తగారు అనేవారు. ఆవిడ మాట ఏనాడూ నిజమైంది లేదు.

లింగంపల్లి స్టేషను బయట టీ మూడు రూపాయలు. చిక్కగా, చప్పగా, ఏలకుల ఊసే లేకుండా ఉంది. దాంతోపాటు ఉల్లిపాయ పెట్టిన బుల్లి సమోసాలు అమ్ముతున్నారు. అవి మాత్రం మా ఊళ్లో లేనందుకు బాధపడ్డాను. నాలుగు తిన్నాను.

ఆటో అతను పాలమూరు జిల్లా మనిషి. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. నిన్నమొన్నటి దాకా మేకలు మేసిన రాళ్లగుట్టలకు ఇప్పుడు రేటు ఎట్ల పెరిగిందో, బండల్ని మందుపెట్టి ఎట్ల పేలుస్తున్నారో, తమ్ముడికి కొత్త ఆఫీసు గేటు దగ్గర డ్యూటీ ఎలా దొరికిందో అన్నీ చెప్పాడు. గొడుగు పోయిందంటే, "ఫికర్ చెయ్యకు అమ్మా, ఈడ వాన ఎప్పుడొస్తదో వానకే తెల్వదు" అని నవ్వించాడు కూడా. ఖాజాగూడ చెరువు కనిపించాక, ఎవరింటికి అని అడిగాడు. శాంతమ్మగారి రాతి ఇల్లు అన్నాను.

అంతే, అతని నోరు మూతపడింది. అద్దంలోంచి నన్నోసారి చూశాడు. నేను యాభై రెండేళ్ల మనిషిని, ఒళ్లో చీరల సంచి, ముక్కు మీద కళ్లజోడు. అయినా ఎగాదిగా చూశాడు. చెరువు కట్ట మీదే ఆపేసి, బండి లోపలికి రాదన్నాడు. దారి శుభ్రంగా ఉంది, ఎద్దుల బండే పోతోంది. సంచి మోసుకుంటూ తిట్టుకుంటూ నడిచాను. ఒక్క నిమిషం ఆ చూపు నా మీద పడితేనే ఒళ్లు మండిందే, రోజూ దాన్ని మోసేవాళ్ల సంగతేమిటి అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. నాకు బుద్ధి అక్కడే రావలసింది.

ఖాజాగూడ

ఇంటికి బోర్డు లేదు. గేటుకు లోపలి నుంచి గొళ్లెం. చుట్టూ ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి మర్చిపోయినట్టున్న బండలు. రోజుకు రెండుసార్లు దూరంగా రాళ్లు పేలిన చప్పుడుకి కిటికీలు అదిరేవి. నేను ఉలిక్కిపడేదాన్ని, వాళ్లు తల కూడా ఎత్తేవారు కాదు.

వెళ్లగానే స్నానం చేశాను. రైలు మసి వదిలేదాకా నిండు బకెట్టు, ఇంకో సగం. బయటికి వస్తుంటే ఆరుగురూ పెరట్లో నిలబడి నా వంక చూసి నవ్వారు. మంచి మర్యాద తెలిసిన పిల్లలనుకున్నాను.

తిండి జొన్నరొట్టె, పుంటికూర పప్పు. పుంటికూర అంటే మన గోంగూరే. గుంటూరు గోంగూర తిన్న నోటితో దీన్ని తినగలనా అనుకున్నాను గానీ రెండో రొట్టె నేనే అడిగి వేయించుకున్నాను. రొట్టె చేసింది సుజాత. ఇరవై ఆరేళ్లుంటాయి. జహీరాబాదు దగ్గర పల్లె. మొగుడు పోయాక, సిటీలో తాపీపని ఉందని ఊరిదే ఒక ఆడది తీసుకొచ్చి అమ్మేసింది. ఆరేళ్లు అక్కడే గడిచాయి. ఇవి సుజాత చెప్పినవి కావు, శాంతగారు చెప్పారు. సుజాత చెప్పేది ఒక్కటే, తన కూతురు స్వప్న గురించి.

స్వప్నకు ఆరేళ్లు నిండబోతున్నాయి. జీడిమెట్ల వైపు చిన్నపిల్లల వసతి గృహంలో ఉంది. ఆరు నిండిన పిల్లల్ని అక్కడ ఉంచరు, ఆదిలాబాదు హాస్టలుకు పంపేస్తారు. ఆలోగా తల్లికి ఉద్యోగం, కిరాయి గది ఉన్నట్టు కాగితాలు చూపిస్తే పిల్లను తల్లికే ఇస్తారు. గది చూసి పెట్టుకుంది. ఉద్యోగం దొరకాలి. మిగిలింది మూడు వారాలు.

ఆ ఉద్యోగానికే శాంతగారు వాళ్లను తయారు చేస్తున్నారు. కుట్టు ఒక పూట, ఆఫీసుల్లో శుభ్రం చేసే పని ఇంకో పూట. ఎక్కడి నుంచో ఒక నిలువెత్తు అద్దం పలక తెప్పించి వరండా స్తంభాల మధ్య నిలబెట్టారు. రోజూ ఒకరి తర్వాత ఒకరు దాన్ని సబ్బునీళ్లతో కడిగి, రబ్బరు పట్టీతో పైనుంచి కిందికి లాగి, పాత పేపరుతో తుడవాలి. మరక లేని అద్దాన్ని ఎందుకు తుడుస్తున్నారని అడిగితే, చెయ్యి అలవాటు కావడానికన్నారు. సుజాత తుడిస్తే అద్దం ఉన్నట్టే తెలిసేది కాదు. నేనోసారి అటుగా వెళ్తూ నుదురు కొట్టుకున్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆ ఇంట్లో నేను విన్న పెద్ద నవ్వు అదొక్కటే.

శుక్రవారం మాదాపూర్‌లో కొత్తగా తెరిచే ఒక ఆఫీసులో ఆ పనికి మనుషుల్ని చూస్తారు. సరిగ్గా అప్పుడే స్వప్న కాగితాల కోసం శాంతగారు రెండు రోజులు వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. బస్సు వేళవుతుంటే చెప్పులేసుకుంటూ నాకు అప్పగింతలు పెట్టారు. "ఇద్దరిద్దరిగా పంపండి సుబ్బలక్ష్మిగారూ. గంటకో జంట వెళ్లాలి" అన్నారు. ఎందుకో నేను అడగలేదు, ఆవిడకు చెప్పే తీరిక లేదు. ఆటోలో ఇరుకవుతుందని కాబోలు అనుకున్నాను.

గురువారం దీపాలు పెట్టే వేళ చీరలు తీశాను. బొట్టు పెట్టి ఒక్కొక్కరికీ ఇచ్చాను. ఎవరూ మాట్లాడలేదు. సంతోషంతో మాట రావడం లేదనుకున్నాను. సుజాత మడత విప్పకుండా అంచు మీద వేలితో రాస్తూ అడిగింది.

"అందరికి ఒకటే రంగా అమ్మా?"

"నాకు మీరంతా ఒకటే కదమ్మా" అన్నాను.

ఎంత గొప్పగా చెప్పాననుకున్నానో!

మాదాపూర్

పొద్దున్నే ఐదుగురు కొత్త చీరల్లో వచ్చారు. సుజాత మాత్రం తన పాత గులాబీరంగు పాలియెస్టరు చీర కట్టుకుని వచ్చింది. నాకు చిన్నతనమనిపించింది. మంచి పనికి పోతూ ఎవరైనా వెలిసిపోయిన చీర కడతారా, కొత్త బట్ట కడితే కలిసొస్తుంది, వెళ్లి మార్చుకురా అన్నాను. గట్టిగానే అన్నాను. పిల్లలకు పాఠం చెప్పే గొంతు నాకు ఎక్కడికెళ్లినా పోదు. ఆమె గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. లోపలికెళ్లి మార్చుకుని వచ్చింది.

అప్పుడే ఏడుగురు పట్టే ఆటో ఒకటి దొరికింది. శాంతగారి మాట గుర్తుంది, కానీ ఇంత పెద్ద ఆటో దొరికితే ఇద్దరిద్దరేమిటి అనుకుని అందరినీ ఎక్కించేశాను. దారిలో అద్దాల మేడ అటూ ఇటూ తవ్విపోసిన ఎర్రమట్టి మధ్య ఒంటరిగా నిలబడి ఉంది. దాని చుట్టూ రేకుల షెడ్లలో కూలీల కాపురాలు, ఆరేసిన గుడ్డలు. మా వాళ్లెవరూ బయటికి చూడలేదు. ఒకరి చీర వంక ఒకరు చూసుకుంటున్నారు. ఇప్పుడు తలుచుకుంటే అర్థమవుతోంది.

మేం వెళ్లాల్సిన ఆఫీసు దానికి ఇంకాస్త అవతల, చిన్నది. గేటు దగ్గర ఆటో దిగి ఆరుగురూ వరసగా నిలబడ్డారు. అక్కడ ఇంకో పదిహేనుమంది ఆడవాళ్లు వచ్చి ఉన్నారు, తలా ఒక రంగు చీర. మా వాళ్లను చూడగానే వాళ్ల మాటలు ఆగిపోయాయి. ఒకామె తన చెంగు దగ్గరికి లాక్కుని పక్కకు జరిగింది. గేటు మనిషి లోపలికెళ్లి, పనికి మనుషుల్ని ఎంచే పెద్దాయన చెవిలో ఏదో చెప్పాడు.

ఆ పెద్దాయన మా వైపు వాడే, మాట తీరు చూస్తే గోదావరి జిల్లా. నాకు కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. ఆరుగురినీ ఎండలోనే నిలబెట్టాడు.

"మీరు పెద్దవారు, ఏమీ అనుకోకండి. ఇలా ఒకే రకం చీరలు కట్టించి తీసుకొచ్చేది హోముల వాళ్లేనండి. ఏ హోమో కూడా మా వాచ్‌మన్ చెప్పాడు, వాడి అన్న ఖాజాగూడ వైపే ఆటో తోలతాడట."

పని బాగా వచ్చు, అద్దం తుడిపించి చూడండి అన్నాను. ఆయన తల పంకించాడు. తనకేం అభ్యంతరం లేదట. పై అంతస్తుల్లో చదువుకున్న ఆడపిల్లలు పనిచేస్తారట, రేపు ఎవరైనా అడిగితే తను జవాబు చెప్పుకోవాలట. విడివిడిగా వచ్చుంటే ఎవరెక్కడి వారో తనూ అడిగేవాడు కాదట. ఈ చివరి మాట చాలా మామూలుగా అన్నాడు. కబురు చేస్తామన్నాడు. ఆయన మా అడ్రసు రాసుకోలేదు.

శాంతగారు ఇద్దరిద్దరిగా అని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆరుగురినీ గబగబా వేరే వేరే చెట్ల కింద నిలబెట్టాలని చూశాను. అక్కడ చెట్లే లేవు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కరు తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రమే ఇంకో సంగతి కూడా బయటపడింది. నీళ్ల ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తుంది, మనిషికి స్నానానికి అరబకెట్టు లెక్క. నేను మొదటి రోజు ముగ్గురి నీళ్లు పోసుకున్నాను. ఆ రోజు ముగ్గురు స్నానం మానేశారు. పెరట్లో నిలబడి నవ్వింది అందుకా అని వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

జీడిమెట్ల

ఆదివారం తల్లులు పిల్లల్ని చూసుకోవచ్చు. నేనూ వస్తానని సుజాత వెంట బయల్దేరాను. పాత గులాబీరంగు చీర కట్టుకుంది. రెండు బస్సులు మారాం. జీడిమెట్లలో దిగగానే గాలి ముక్కును పట్టేసింది, మందుల ఫ్యాక్టరీల వాసన. నోట్లో మాత్ర వేసుకుని నీళ్లు తాగడం మర్చిపోయినట్టు రోజంతా గొంతులో అదే చేదు. అక్కడివాళ్లు మామూలుగా పకోడీలు తింటున్నారు, పేకాడుతున్నారు.

స్వప్న రెండు జడలతో పరుగెత్తుకొచ్చింది. వచ్చి తల్లి చీర కుచ్చిళ్లు పట్టుకుని, నన్ను చూసి వెనక దాక్కుంది. సుజాత రొట్టెలో బెల్లం పెట్టి తెచ్చింది. అది తింటూ ఆ పిల్ల, మన గదికి కిటికీ ఉందా అని అడిగింది. ఉందంది తల్లి. కిటికీలోంచి ఏం కనిపిస్తుందని అడిగింది. చెరువు కనిపిస్తుందంది. ఎప్పుడు పోదామని అడిగింది. సుజాత రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టి, జర నమిలి తిను అంది.

బయటికొచ్చాక బస్టాపులో ఇక ఆగలేకపోయాను. నన్ను క్షమించు తల్లీ, నా చీర నీ నోటి దగ్గర కూడు తీసేసిందన్నాను. ఆమె బస్సు వస్తోందేమోనని రోడ్డు వంక చూస్తూ అంది.

"మీరు తెల్వక చేసిండ్రు. మాకు తెలుసు గద అమ్మా. చీరలు ఇచ్చిన్నాడే ఆరుగురికి తెలుసు, ఇవి కట్టుకుపోతే పని రాదని."

మరి ఎందుకు చెప్పలేదన్నాను. నాకు కోపం కూడా వచ్చింది, దేవుడి సాక్షిగా. ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా.

"కుట్టుడు నేర్పిండ్రు, అద్దం తుడుసుడు నేర్పిండ్రు" అంది సుజాత. "వద్దనుడు ఎవ్వరు నేర్పలే. ఆడ ఆరేండ్లు వద్దంటే దెబ్బలు. ఇగ నోటికి ఆ మాటే వస్తలేదు. మీరు చీర మార్చుకురమ్మన్నప్పుడు గుమ్మం కాడ మస్తు కోషిష్ చేసిన. రాలే."

బస్సొచ్చింది. ఆడవాళ్ల సీట్లో నాకు చోటిచ్చి తను నిలబడింది. కూర్చోమన్నాను, కూర్చుంది. లేవమంటే లేచేది కూడా. అప్పటి నుంచి ఊరు వదిలేదాకా ఆ పిల్లకు నేను ఏ పనీ చెప్పలేదు. మంచినీళ్లు కూడా అడగలేదు.

చీరాల

ఇంటికి వచ్చి నెలన్నర అయింది. అడిగినవాళ్లకు అద్దాల మేడ గురించి, బుల్లి సమోసాల గురించి చెప్పాను. శాంతగారికి జరిగిందంతా రాశాను. ఆవిడ నన్ను తిట్టలేదు గానీ, జవాబులో ప్రియమైన అన్న మాట లేదు. ఆరుగురిలో ఇద్దరికి వేరే చోట్ల పని దొరికిందట. సుజాతకు కూడా దొరికింది, జీడిమెట్లలో మందుసీసాలు పెట్టెల్లో సర్దే పని. పిల్లకు దగ్గరగా ఉంటుందని అక్కడే వెతుక్కుందట. కాకపోతే పని కాగితం చేతికి వచ్చేసరికి స్వప్నను ఆదిలాబాదు పంపేసి పన్నెండు రోజులైంది. తీసుకురావడానికి మళ్లీ మొదటి నుంచి అర్జీ పెట్టుకోవాలి. ఏడాది పడుతుందో, ఇంకా ఎక్కువ పడుతుందో తెలియదని రాశారు.

నిన్న పోస్టులో పొట్లం వచ్చింది. గుడ్డ సంచిలో కుట్టి పంపారు, కుట్టు నేను నేర్పినదే, దగ్గర దగ్గరగా, వంకర లేకుండా. లోపల చిలకపచ్చ చీర. ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. మడతలో నోటుపుస్తకం కాగితం. ఏడో తరగతి దాకా చదివిన చేతిరాత, పెద్ద పెద్ద అక్షరాలు. ఒక మాట దిద్ది మళ్లీ రాసింది.

"అమ్మా, ఈ చీర నాకు వద్దు. సుజాత."

మా ఆయన చదివి, ఇచ్చిన చీర తిప్పి పంపుతారా ఎవరైనా, ఎంత పొగరు అన్నారు. నేను కాగితం మళ్లీ తీసుకుని ఆ వద్దు అన్న మాట దగ్గర చూశాను. దిద్దింది ఆ మాటనే. మొదట పెన్సిలుతో సన్నగా రాసి, తర్వాత దాని మీదే పెన్నుతో గట్టిగా రాసింది, గీత కాగితం వెనక పక్కకు కూడా దిగింది.